ఆరంభాల ఫొటోలు: వస్తునిర్దేశం లేని మంగళాచరణ

"కొత్త ఆరంభాలను మీ కెమెరాలో బంధించండి" అనే ఉపదేశం ఈ మధ్య బాగా ప్రచారంలోకి వచ్చింది. ఫొటోగ్రఫీ నేర్పేవాళ్ళు చెబుతున్నారు, పత్రికల ఆదివారం అనుబంధాలు చెబుతున్నాయి, కాలేజీల్లో పోటీలు పెట్టేవాళ్ళు చెబుతున్నారు. దానికొక పద్ధతి కూడా ఏర్పడింది. సూర్యోదయం తియ్యాలి. సిమెంటు పగుల్లో మొలిచిన మొలక తియ్యాలి. ఓరగా తెరిచిన తలుపు, ఒక్క అక్షరమైనా రాయని నోటు పుస్తకం, పసిపిల్ల మొదటి అడుగు, ఉగాదినాటి వేపపూత తియ్యాలి. ఇవన్నీ ఆశకు ప్రతీకలట. చేతిలో ఫోన్ వున్న ప్రతివాడూ కళాకారుడే గనక ఇది ప్రజాస్వామికం కూడానట! మన అభ్యుదయ మిత్రుల్లో కొందరు దీన్ని మెచ్చుకుంటున్నారు. తక్కినవాళ్ళు "పోనిద్దూ, అపకారం ఏముంది?" అంటున్నారు.

అపకారం వుందనే నా వాదన. కెమెరా ప్రజలందరి చేతుల్లోకీ రావడం గొప్ప విషయం; దానితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా దేన్ని ఆరంభం అంటున్నామన్న దగ్గర. ముందు జరిగిందీ తర్వాత జరగబోయేదీ కోసేసి, ఒక్క క్షణాన్ని పట్టుకుని, ఇదిగో ఆరంభం అని చూపించే ఫొటో అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధంవల్ల లాభపడేవాళ్ళు వున్నారు.

మహాకావ్యం ఎలా మొదలుకావాలో చెబుతూ దండి మూడు మార్గాలు చూపించాడు: ఆశీస్సు, నమస్క్రియ, వస్తునిర్దేశం. దీవించి మొదలుపెట్టవచ్చు, దణ్ణం పెట్టి మొదలుపెట్టవచ్చు, లేదా చెప్పబోయే విషయమేమిటో సూటిగా సూచించి మొదలుపెట్టవచ్చు. మన ఆరంభాల ఫొటోలకు మొదటి రెండే తెలుసు. కొబ్బరికాయ కొట్టే ఫొటో ఆశీస్సు. మంత్రిగారికి దండ వేసే ఫొటో నమస్క్రియ. మొలకలూ సూర్యోదయాలూ కూడా ఆశీస్సు కిందికే వస్తాయి. పురోహితుడు కనిపించకపోవడం ఒక్కటే తేడా. మొదలైన పని ఏమిటి, అంతకు ముందు అక్కడ ఏముండేది, ఆ పని ఎవరు చేస్తారు, ఫలితం ఎవరికి పోతుంది అనే వస్తునిర్దేశం మాత్రం వాటిలో వెతికినా దొరకదు.

ఈ జబ్బు ఫొటోతోపాటే పుట్టింది. 1838లో డగేర్ పారిస్‌లో తన కిటికీలోనుంచి బులవార్ దు తాంప్ల్ అనే వీధిని ఫొటో తీశాడు. మనిషి కనిపించే మొట్టమొదటి ఫొటోగా దానికి పేరు. అది బళ్ళతోనూ జనంతోనూ కిటకిటలాడే వీధి. కాని పలక మీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టడంచేత, కదిలేవాళ్ళెవరూ దానిమీద నిలవలేదు. వీధి ఖాళీగా పడింది. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలుచున్న పెద్దమనిషి మాత్రం దక్కాడు. 1839లో ఈ ఫొటో చూసిన మోర్స్ — టెలిగ్రాఫ్ మోర్సే — ఇదే వింతగా వుత్తరం రాశాడు. పాలిష్ చేసేవాడు కూడా వున్నాడు గాని, చేతులు ఆడుతూ వుంటాయి గనక మసగ్గా వున్నాడు. నిలబడి పని చేయించుకున్నవాడు స్పష్టంగా పడ్డాడు, పనిచేసినవాడు అలుక్కుపోయాడు.

అది రసాయనాల లోపం, డగేర్ తప్పు కాదు. ఆ లోపం కొన్నేళ్ళలోనే తీరిపోయింది. అలవాటు మాత్రం తీరలేదు. 1869 మే 10వ తేదీన అమెరికాలో, యూటా రాష్ట్రపు ప్రామంటరీ దగ్గర తూర్పు పడమర రైలుదారులు కలిశాయి. ఆండ్రూ రస్సెల్ తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. రెండు ఇంజన్లు ముక్కూ ముక్కూ ఆనించి వుంటాయి; మనుషులు చేతులు కలుపుతూ, సీసాలు చాపుతూ వుంటారు. పడమటి దారి వేసిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీలో పదివేలమందికి పైగా చైనా కూలీలు పనిచేశారు. సియెర్రా కొండల్లో మంచుమధ్య గ్రానైటు తొలిచి సొరంగాలు చేసింది వాళ్ళే. పేరుమోసిన ఆ ఫొటోలో వాళ్ళకు చోటు లేదు. 145 ఏళ్ళ తర్వాత, 2014లో, కార్కీ లీ అనే ఫొటోగ్రాఫర్ ఆ కూలీల వారసులను అదే చోట రైలింజన్ల ముందు నిలబెట్టి ఫొటో తీశాడు. పాత ఫొటోకు అంతకు మించిన విమర్శ ఎవరూ రాయలేదు.

"అయితే కూలివాణ్ణి కూడా ఫొటోలో నిలబెడితే సరిపోతుంది గదా?" అని ఎవరైనా అడగవచ్చు. సరిపోదు. మన దేశంలో అదీ చేసి చూశారు.

1959 డిసెంబరు 6న దామోదర్ నదిమీద పంచెత్ ఆనకట్టను ప్రారంభించడానికి నెహ్రూ వెళ్ళాడు. మీట తాను నొక్కకుండా, ఆ ఆనకట్ట పనిలో కూలి చేసిన బుధ్‌నీ మేఝాన్ అనే సంతాల్ పిల్లచేత నొక్కించాడు. ఆమెకప్పటికి పదిహేనేళ్ళు. ప్రధానమంత్రి పక్కన కూలిపిల్ల! ఆనాటి ఉద్దేశాన్ని నేను శంకించను. ఇంతకంటె మంచి ఆరంభపు ఫొటో మన దేశంలో మరొకటి తీసివుండరు. కాని ఆనాటి స్వాగతంలో ఆమెకూ నెహ్రూకూ మధ్య చేతులు మారిన పూలదండ పెళ్ళితో సమానమని ఆమె కులపెద్దలు తీర్మానించారు. పరాయివాణ్ణి పెళ్ళాడిందని వెలివేశారు. 1962లో కార్పొరేషన్‌లో ఉద్యోగం కూడా పోయింది. 1980లలో రాజీవ్ గాంధీ కల్పించుకున్న తర్వాతగాని అది మళ్ళీ రాలేదు. 2023 నవంబరులో ఆమె చనిపోయినప్పుడు పత్రికలు ఆ పాత ఫొటోనే మళ్ళీ వేశాయి.

తప్పు సంతాల్ పెద్దలదని చెప్పి చేతులు కడుక్కోవడం సులువు. కాని ఆమెను ఒక పూట ఫొటోలో నిలబెట్టినవాళ్ళలో మర్నాడు ఆమె ఏమైందని అడిగినవాళ్ళెవరు? ఆ ఫొటోలో మొదలైంది ఆనకట్ట. ఆమె బతుకులో మొదలైంది వేరు. దాన్ని ఎవరూ ఫొటో తియ్యలేదు.

మన దగ్గరికి వద్దాం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది; కాలవలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. మొదటిరోజున నెహ్రూ, చివరిరోజున ఇందిరాగాంధీ, రెండు ఫొటోలూ అందరం చూసినవే. ఆ రెంటి మధ్య పదకొండేళ్ళ ఎనిమిది నెలలున్నాయి. అంత ఎత్తు ఆనకట్టను రాతితో కట్టారంటే, రాయి రాయీ మనిషి భుజం మీదనే పైకెక్కింది. ఏ పొద్దున్న ఏ గుంపు మొదటి రాయి మోసిందో ఎవరికీ పట్టలేదు. శంకుస్థాపన రాయి మీద మాత్రం పేరుంది. ఆ రాయి ఎవరూ మోసింది కాదు గదా! అమరావతి సంగతి మరీ చిత్రం. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన, 2025 మే 2న పునఃప్రారంభం, రెండుసార్లూ ఒకే ప్రధానమంత్రి. నడుమ ఆ పనులు ఎందుకాగాయో, 33,000 ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులు ఆ ఏళ్ళు ఎలా గడిపారో, ఆ భూముల్లో కూలిచేసుకు బతికినవాళ్ళు ఎటు పోయారో రెండో ఫొటో చెప్పదు. చెప్పకుండా వుండడానికే "పునఃప్రారంభం" అనే మాట పనికివస్తుంది.

ఇవి ప్రభుత్వాల ఫొటోలు, నిత్యజీవితంలో మనం తీసుకునేవి వేరని అనుకోనక్కరలేదు. గృహప్రవేశం ఆల్బమ్ తిరగెయ్యండి. ఆవు వుంటుంది, దూడ వుంటుంది, పొంగిన పాలు వుంటాయి. తాపీ మేస్త్రీ వుండడు. అతనికి బట్టలు పెట్టి పంపేసిన తర్వాతే ఫొటోగ్రాఫర్‌ను పిలుస్తారు. 1888లో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా అమ్మేటప్పుడు, మీట నొక్కడం మీ వంతు, మిగతా పనంతా మాది అన్నాడు. కొన్నవాడు వంద ఫొటోలు తీసుకుని కెమెరాను రాచెస్టర్‌కు తిరిగి పంపేవాడు. ఆ "మిగతా పనంతా" చేసిన ఫ్యాక్టరీ జనం అప్పుడే అదృశ్యమయ్యారు. మన సాహిత్యం ఈ విషయంలో కొంత నయం. కన్యాశుల్కం మొదటి అంకంలోనే ఫొటో బాకీ వసూలుకు నౌకరు వచ్చి గిరీశాన్ని నిలదీస్తాడు. ఫొటో వెనక ఒక బిల్లు వుంటుందని గురజాడకు తెలుసు.

ఆ మధ్య ఒక కాలేజీలో "శుభారంభం" అనే పేరుతో విద్యార్థుల ఫొటో ప్రదర్శన జరిగింది. నన్నూ పిలిచారు. బహుమతి ఒక మొలకకు వచ్చింది. బాగానే తీశారు, మొలక మీద నీటిబొట్టు, బొట్టులో సూర్యుడు. ఒక డిగ్రీ విద్యార్థిని తెచ్చిన ఫొటోను మాత్రం తలుపు వెనక గోడకు పెట్టారు. వీధి చివర ఇస్త్రీ బండి, దానివెనక బొగ్గులు విసురుతూ ఆమె తండ్రి. ముఖం పొగలో సగమే కనిపిస్తున్నది. కింద ఆ పిల్ల పెన్నుతో రాసింది: "మిల్లు మూసేశాక మా నాన్న పెట్టుకున్న బండి. అప్పు ఇరవై వేలు. నూటికి మూడు రూపాయల వడ్డీ." న్యాయనిర్ణేతల్లో ఒకాయన నాతో, "ఇందులో ఆరంభం ఎక్కడుందండీ? దిగులు తప్ప" అన్నాడు.

దిగులుతో మొదలయ్యేవి ఆరంభాలు కావా? మనదేశంలో పనిచేసి బతికేవాడు కొత్త జీవితం మొదలుపెట్టాడంటే, నూటికి తొంభైసార్లు పాత జీవితం లాగేసుకున్నారని అర్థం. మిల్లు మూతబడుతుంది, బండి వస్తుంది. బోరు ఎండిపోతుంది, పాలమూరు మనిషి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బస్సెక్కుతాడు. మొలకకు వెనక చరిత్ర లేదు, అప్పు లేదు, మూసేసిన యజమాని లేడు. అందుకే మొలక అందరికీ నచ్చుతుంది, మిల్లు యజమానికి మరీనూ. ఆ పిల్ల రాసిన మూడు ముక్కల్లో దండి చెప్పిన వస్తునిర్దేశం పూర్తిగా వుంది.

ఇంకొక సంగతి. అసలైన ఆరంభాలు ఆ సమయంలో ఆరంభాల్లా కనిపించవు. 1990లలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిబళ్ళో చదువుకుంటూ సారా సంగతి మాట్లాడుకున్నారు; తర్వాత లేచి సారా దుకాణం మీదికి పోయారు. రోశమ్మ పేరు అలా లోకానికి తెలిసింది. 1992లో అది రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించింది, అది వేరే కథ. ఆ రాత్రిబడిని మొదటివారంలో ఎవరైనా ఫొటో తీసివుంటే ఏం కనిపించేది? మసక వెలుగులో పొలంనుంచి వచ్చి కునికిపాట్లు పడుతున్న నలుగురు ఆడవాళ్ళు, చేతుల్లో పలకలు. ఏ పోటీలోనూ దానికి బహుమతి రాదు. వేలంపాటలను ఆపించి, ఒక ప్రభుత్వాన్ని కదిలించిన ఆరంభం మాత్రం అదే.

నిత్యజీవిత ఛాయాచిత్రణకు నిజమైన విలువ ఇక్కడ వుంది. ఇది ఆరంభమని తెలియకుండానే తీసిన ఫొటో రేపు సాక్ష్యం అవుతుంది. ప్రతీకల కోసం వెతికేవాడు దాన్ని తియ్యడు, తీసినా చెరిపేస్తాడు. ఫోన్లో చోటు చాలనప్పుడు మొదట పోయేవి అవే గదా: మసకవి, నవ్వని ముఖాలవి, పనిలో వున్నవాళ్ళవి.

ఫొటో కింద లెక్కలు రాస్తే కవిత్వం చచ్చిపోతుందని సౌందర్యవాదుల ఆక్షేపణ. ఇస్త్రీ బండి ఫొటోలో ఏం చచ్చిపోయిందో వాళ్ళే చెప్పాలి. వడ్డీ ఎంతో తెలిసిన తర్వాత ఆ పొగను నేను రెండోసారి చూశాను. నీటిబొట్టును రెండోసారి చూడబుద్ధి కాలేదు.

పూర్వం స్టూడియో ఫొటోలకు వీపు వుండేది. తేదీ, పేర్లు, వూరు అక్కడ రాసేవాళ్ళు. ఫోన్ తేదీని తనంతట తానే దాచుకుంటుంది, పేర్లు దాచుకోదు. మన విద్యార్థులు ఈ సెలవుల్లో ఒక పని చెయ్యవచ్చు. మీ వీధిలో ఇల్లు లేస్తూ వుంటుంది. పునాది తవ్వే పొద్దున్న వెళ్ళి ఫొటో తియ్యండి, కొబ్బరికాయ కొట్టే ముందే. వాళ్ళను అడిగి తియ్యండి. పేర్లు, ఏ వూరినుంచి వచ్చారు, రోజుకూలి ఎంత, మేస్త్రీ ఎంత కోసుకుంటాడు, కనుక్కుని కింద రాయండి. "మా పేర్లెందుకు బాబూ, ఇల్లుగలాయన్ని తీసుకోరాదా" అంటారు. ఇల్లుగలాయన్ని గృహప్రవేశంనాడు ఎలాగూ తీస్తారని చెప్పండి.