భైరవికి ఎవరి తల కావాలి?

"మంత్రాలు ఉత్తవే అయితే పెద్దవాళ్లు సినిమాల్లో ఎందుకు పెడతారు? ఏదో ఉంది కాబట్టే పెట్టారు." మొన్న టీవీలో ‘పాతాళభైరవి’ వస్తుంటే బంధువు ఒకాయన పిల్లల ముందే అన్నాడీ మాట. ఆయన ఇంజనీరు. పిల్లలు తలలూపారు. అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు.

ఆ సినిమా నాకు ఇష్టం. 1951లో విజయా వారు తీసింది. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్లీ కెమెరా, నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి. రంగారావు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ సాహసకథల్లో దానికి సాటి రాగలవి తక్కువే. కానీ ఆ కథలో గురువైన ఆ మాంత్రికుడు చేసిందేమిటి? రాకుమారిని ప్రేమించి, సంపద కోసం తపిస్తున్న తోటరాముణ్ణి చేరదీశాడు. ధైర్యవంతుడివని మెచ్చుకున్నాడు. దారి చూపిస్తానని గుహకు తీసుకుపోయాడు. ఇదంతా ఆ కుర్రాడి తల నరికి భైరవికి బలివ్వడానికే. రాముణ్ణి బతికించింది గురుభక్తి కాదు. మొసలి రూపంలో ఉన్న శాపగ్రస్తురాలు అసలు సంగతి చెప్పింది కాబట్టి, విన్నాక వాడు గురువు మాట నమ్మడం మానేశాడు కాబట్టి బతికాడు.

ఇక్కడితో ఆగితే నాకు పేచీ లేదు. కానీ రాముడి చేతిలో మాంత్రికుడి తల తెగగానే భైరవి ప్రత్యక్షమై వరమిస్తుంది. అంటే నరబలి దండగని ఆ కథ చెప్పడం లేదు. బలిచ్చేవాడు మంచివాడైతే ఫలిస్తుందని చెబుతోంది. పైగా చచ్చిన మాంత్రికుణ్ణి శిష్యుడు సదాజపుడు సంజీవనితో లేపి కూర్చోబెడతాడు. హాలంతా నవ్వుతుంది.

2021 జనవరిలో మదనపల్లెలో ఒక ఇంట్లో ఎవరూ నవ్వలేదు. తండ్రి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే అధ్యాపకుడు, తల్లి మాథ్స్ చదివి పిల్లలకు పాఠాలు చెప్పేది. 27, 22 ఏళ్ల ఇద్దరు కూతుళ్లూ ఆ ఇంట్లోనే హతమయ్యారు. పోలీసులు వెళితే, ఆగండి, తెల్లారితే సత్యయుగం వస్తుంది, మా పిల్లలు లేచి వస్తారు అన్నారు ఆ తల్లిదండ్రులు. తెల్లారింది. శవాలు శవాలుగానే ఉన్నాయి.

ఆ చావులను నేను ఏ సినిమాకూ అంటగట్టడం లేదు. ఆ నమ్మకం సినిమా పుట్టకముందే ఉంది. కానీ చచ్చినవాళ్లు లేస్తారనీ, ఒక తల పోతే నిధి వస్తుందనీ వినీ వినీ అలవాటుపడిన చెవులకు డిగ్రీలు అడ్డుపడవు. అయ్యవారు చెప్పింది ఎదురడగకుండా రాసుకుని మార్కులు తెచ్చుకున్నవాడు, స్వామి చెప్పింది కూడా ఎదురడగకుండానే చేస్తాడు. మనం బడిలో నేర్పింది కెమిస్ట్రీ, నేర్పనిది సందేహం.

మా ఊళ్లో నా చిన్నప్పుడు ఒక పిల్లవాడు జ్వరంతో పోయాడు. డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు, భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. పిల్లవాడు పోయాక, వైద్యం చేసినవాణ్ణి ఒక్కరూ ఏమీ అనలేదు. ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక విధవరాలు చేతబడి చేసిందన్నారు. మంత్రం నోట పలక్కూడదని పట్టకారుతో ఆమె పళ్లు పీకారు. అడ్డంపడినవాళ్లు లేరు. మా ఇంట్లోవాళ్లు తలుపులు వేసుకున్నారు. ఆమె అరుపు తలుపుల్లోంచి వినబడుతూనే ఉంది. ఆ తర్వాత ఆమె మాట్లాడితే పిల్లలం భయపడి పారిపోయేవాళ్లం, ఆ మాటలు సరిగా పలకవు కాబట్టి. పాపం, అంబలి తప్ప ఏమీ తినలేకపోయేది. చేతబడి, బాణామతి పేరున ఇలా పళ్లు పోయినవాళ్లు, దెబ్బలకు చనిపోయినవాళ్లు, సజీవంగా కాలిపోయినవాళ్లు తెలంగాణ పల్లెల్లో ఎందరో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది దిక్కులేనివాళ్లే. డబ్బూ బలగమూ ఉన్నవాడి మీద ఎవరికీ చేతబడి అనుమానం రాదు.

గుప్తనిధుల పేరిట పాత కోటలు, గుళ్లు తవ్వుతూ పట్టుబడేవాళ్ల వార్తలు నేటికీ వస్తూనే ఉన్నాయి. అంజనం వేసి చోటు చూపించే స్వామి ముందే డబ్బు తీసుకుంటాడు. నిధి దొరకకపోతే అమ్మవారు ఇంకా పెద్ద బలి అడుగుతోందంటాడు. నిమ్మకాయ, కోడి, మేక, ఆ తర్వాత మనిషి. ప్రతి మెట్టు దగ్గరా ప్రశ్న అడగకుండా దాటినవాడే చివరి మెట్టు ఎక్కుతాడు.

నరేంద్ర దాభోల్కర్ మహారాష్ట్రలో ఇలాంటివాళ్లను ఆపే చట్టం కోసం ఏళ్ల తరబడి తిరిగాడు. 2013 ఆగస్టు 20న పుణెలో ఆయన్ను కాల్చి చంపాకే ఆ చట్టం వచ్చింది. గుప్తధనం కోసం నరబలికి పురికొల్పడం అందులో నేరం. 2017లో కర్ణాటక కూడా చట్టం చేసింది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. తల తెగాక పెట్టడానికి హత్య కేసు ఎలాగూ ఉంది. తల అడిగిన రోజే ఆ స్వామిని లోపల వేసే చట్టం కావాలి. శాసనసభల్లో దాన్ని ఎవరు, ఏ సమావేశాల్లో పెడతారో మనకు ఓట్లకోసం వచ్చేవాళ్లు చెప్పాలి.