గొంతు పెంచితే గెలిచినట్టేనా?

అమెరికాలో కార్పొరేట్ కేసులు నడిపే లాయర్లలో చాలామంది దృష్టిలో డిపొజిషన్ అంటే కుస్తీ. సాక్షిని రోజంతా కూర్చోబెట్టి, ఊపిరి సలపనివ్వకుండా ప్రశ్నలు కురిపించి, నీళ్లు నమిలిస్తే పని అయిపోయినట్టే. బిల్లు కట్టే కంపెనీ మెచ్చేది కూడా ఆ దూకుడునేనట! ఇది వట్టి భ్రమ.

డిపొజిషన్ జరిగేది ట్రయల్‌కు ముందు, సాధారణంగా ఏ లాయరు ఆఫీసులోనో. అక్కడ జడ్జి ఉండరు, జ్యూరీ ఉండదు. ప్రమాణం చేసిన సాక్షి, ఇరుపక్షాల లాయర్లు, ప్రతి మాటా ఎక్కించే కోర్టు రిపోర్టరు ఉంటారు. గర్జించి ఎవరిని మెప్పించాలి? చివరికి మిగిలేది రికార్డే. “ఆ ఈమెయిల్ చూసి, ప్రమాదం సంగతి తెలిసి కూడా సరుకు పంపించారు కదా?” అని అడిగితే వచ్చే “అవును” దేనికి? ఈమెయిల్ చూసినందుకా, ప్రమాదం తెలిసినందుకా, సరుకు పంపినందుకా? మూడు ముక్కలుగా అడిగితే మూడు ఒప్పుకోళ్లు చేతికొస్తాయి. కలిపి అడిగితే ఒక్కటీ నిలవదు.

1998 నాటి మైక్రోసాఫ్ట్ యాంటీట్రస్ట్ కేసే తీసుకోండి. ప్రభుత్వం తరఫున బిల్ గేట్స్‌ను ప్రశ్నించిన డేవిడ్ బోయిస్ కేకలను నమ్ముకోలేదు. మైక్రోసాఫ్ట్ ఈమెయిళ్లనే ముందు పెట్టి అడిగారు. గేట్స్ “గుర్తు లేదు” అంటూ, మామూలు మాటలకు సైతం అర్థమేమిటని ఎదురడుగుతూ దాటవేయజూశారు. తర్వాత ట్రయల్లో ఆ వీడియోను విడతలవారీగా చూపిస్తుంటే జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్‌కే నవ్వొచ్చింది. నష్టపోయింది గేట్స్ విశ్వసనీయత.

మాట దాటేసే సాక్షిని వదిలేయమని నేననడం లేదు. అదే ప్రశ్న మళ్లీ అడగాలి, అవసరమైతే మరోసారి అడగాలి. అందుకు పట్టుదల చాలు.

ఇక క్లయింటు సంతృప్తి సంగతి. ఫెడరల్ నిబంధనల ప్రకారం కోర్టు అనుమతి లేకుండా ఒక్కో పక్షం తీసుకోగలిగేవి 10 డిపొజిషన్లు. ఒక్కోదానికి ఒక రోజు, 7 గంటలు. అవి గరిష్ఠ పరిమితులు. కొందరు లాయర్లు వాటిని పూర్తి చేసి తీరాల్సిన కోటాగా భావిస్తారు. ఆ గంటలన్నీ కంపెనీ బిల్లులోకే ఎక్కుతాయి.

కంపెనీనే సాక్షిగా ప్రశ్నించేందుకు వీలిచ్చే 30(బి)(6) అనే ఫెడరల్ నిబంధనదీ అదే గతి. అంశాలు స్పష్టంగా రాసి నోటీసిస్తే, ఎదుటి కంపెనీ తగిన సమాచారం సమకూర్చి మరీ తన ప్రతినిధిని పంపాలి. “అది వేరే విభాగం, నాకు తెలియదు” అని చేతులు దులుపుకోవడం కుదరదు. ఇంత పదునైన నిబంధనను వాడుకోవడం మానేసి అంశాల చాంతాడు పంపితే, దక్కేది అభ్యంతరాల చాంతాడే.

అందుకే కంపెనీ పెద్దలు నోటీసు వెళ్లకముందే తమ లాయరును ఒక్క మాట అడగాలి: “ఈ సాక్షి నోట మనకు కావాల్సిన వాక్యాలేమిటి? అవి కేసులో దేన్ని తేలుస్తాయి?” సూటిగా సమాధానం రాకపోతే ఆ డిపొజిషన్‌కు డబ్బు కట్టనక్కర్లేదు.