పాట సరే, పాడినోళ్లేరి?

పోలండ్ వాళ్లు తమ సినిమాలను దేశదేశాలకూ మోసుకెళ్తారు. లండన్‌లో 'కినోటెకా' అనే పోలిష్ సినిమా పండగ 2003 నుంచి నడుస్తోంది. అది మన వనపర్తిదాకా రాదు. ఫోన్ ఉందిగా! మొన్న రాత్రి 'కోల్డ్ వార్' పెట్టా. నలుపు తెలుపు సినిమా, గంటన్నర కూడా లేదు. 2018లో కాన్‌లో పవ్లికోవ్‌స్కీకి ఉత్తమ దర్శకుడి అవార్డు తెచ్చింది.

పక్కన అవ్వ కూచుంది. సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్‌లో ఉన్నాయి, కథ నేనే తెలుగులో చెప్పాల్సొచ్చింది. యుద్ధం ముగిశాక సంగీతం తెలిసినవాళ్లు పల్లెలు తిరిగి జనం పాటలు రికార్డు చేస్తారు. వాటితో ఒక బృందం తయారవుతుంది, పెద్ద స్టేజీలెక్కుతుంది. తర్వాత సర్కారు వచ్చి, స్టాలిన్ మీద కూడా పాడమంటుంది.

అవ్వ మధ్యలో ఆపింది. "మొదలు పాడినోళ్లు మళ్ల కనవడలే. ఏమైండ్రు బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. మన నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగులయ్య గుర్తొచ్చారు. 'భీమ్లా నాయక్' పాటలో గొంతు వినిపించాకే కదా మనలో చాలామందికి ఆయన తెలిసింది! 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమా దాకా రాని పాటగాళ్ల సంగతి?

అవ్వ పుట్టిల్లు గద్వాల దగ్గర. నాట్ల పాటలు బోలెడు వచ్చు. రికార్డర్ ఆన్ చేశా. రెండు పాటలు పాడి, దగ్గి, అంది: "పాట వెట్టుకో. పేరు గూడ వెట్టు."

పెట్టా. ఫైలుకి అవ్వ పేరే.