మా రేకుల నీళ్లు, కాకి గోడ

ఈసారి గోడ పత్రికలో ఇంటి కప్పు మీద పడే వాన నీళ్ల గురించి రాస్తున్నాను. చూస్తే చిన్న విషయమే. కానీ దాని వల్ల మా ఇంట్ల పెద్ద కొట్లాట అయింది.

మాది కుల్కచర్ల దిక్కు ఒక తండా. ఇదివరకు మాది గడ్డి కప్పిన ఇల్లు. పోయిన ఎండాకాలంల బాపు సిమెంటు రేకులు వేయించిండు. గడ్డి మీద పడ్డ వాన మెల్లగా కారుతది. రేకుల మీద పడ్డ వాన ఆగదు, ఒక్కసారే దుంకుతది. రేకులు ఒక్క దిక్కుకే వాలుగా వేసినం. ఆ దిక్కున మా కాకి ఇల్లు ఉంది. కాకి అంటే చిన్నమ్మ. వాళ్లది మట్టి గోడ.

ఆషాఢంల ముసురు పట్టింది. మూడు రోజులు మా చూరు నీళ్లు ఆ గోడ మొదట్లనే పడ్డయి. నాలుగో రోజు తెల్లవారుజామున గోడ కూలింది. కాకి, పిల్లలు అవతలి మూలకు పండుకున్నరు కాబట్టి బతికిండ్రు. మేకపిల్ల ఒకటి చచ్చిపోయింది. "మీ నీళ్లే మా గోడను తిన్నయి" అని కాకి ఏడ్చింది. "వాన దేవుడు కురిపించిండు, మేమా?" అని మా యాడి అన్నది. అప్పటి నుంచి రెండిండ్లకు మాటల్లేవు. తీజ్ పండుగకు మేము గోధుమ మొలకలకు నీళ్లు పోస్తుంటే కూడా కాకి మా వాకిట్లకు రాలేదు.

నా అభిప్రాయంలో కాకి మాటే నిజం. వాన దేవుడిదే, కానీ రేకులు మావి.

నేను లెక్క చేసి చూసినాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా కప్పు పొడవు 6 మీటర్లు, వెడల్పు 5 మీటర్లు. అంటే 30 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన పడితే 300 లీటర్లు. 15 లీటర్ల బిందెలైతే 20 బిందెలు. రోజూ ఎవరన్నా వచ్చి మీ గోడకు 20 బిందెల నీళ్లు పోస్తే మీరు ఊరుకుంటారా? ఈ లెక్క బాపుకు చెప్పినాను. మా ఇంట్ల చదువుకున్న మొదటి పిల్లను నేనే. బాపు చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మూసీ నది మన జిల్లాలోని అనంతగిరి కొండల్లో పుడుతుంది. 1908 సెప్టెంబరులో అదే మూసీకి వరద వచ్చి హైదరాబాదులో వేల మంది చనిపోయారు. ఆ తర్వాత మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. నదిని తిడితే లాభం లేదు, నీళ్లు ఆగడానికి జాగా ఇయ్యాలె. ఇంటి చూరుకు కూడా అదే న్యాయం.

మన దగ్గర 2000 సంవత్సరంలో "నీరు - మీరు" కార్యక్రమం వచ్చింది. 2002లో వాల్టా చట్టం వచ్చింది. అప్పటి నుంచి ఇంకుడు గుంతల మాట అందరం వింటున్నం. "నల్లా వచ్చింది కదా, ఇంక గుంత ఎందుకు?" అని కొందరు అంటరు. నల్లా నీళ్లు తెచ్చి ఇస్తది కానీ, గోడ మీద పడే నీళ్లను తీసుకపోదు కదా!

చేయవలసిన పని కష్టమైనది కాదు. చూరు కింద పాత రేకును వంచి గాని, పైపును నిలువుగా కోసి గాని దోనె లెక్క కట్టాలె. దాని కింద డ్రమ్ము పెట్టాలె. డ్రమ్ముకు బట్ట గట్టిగా కట్టాలె, లేకపోతే డెంగ్యూ దోమ నిలువ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. మొదటి వాన నీళ్లు కప్పు మీది దుమ్మును కడుగుతయి కాబట్టి వాటిని పోనియ్యాలె. తర్వాతి నీళ్లు బట్టలకు, గిన్నెలకు, పశువులకు పనికొస్తయి. డ్రమ్ము నిండి పొర్లిన నీళ్లు గుంతకు పోవాలె. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు తవ్వి అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆపైన ఇసుక వేయాలె. రాళ్లు నింపినా అందులో 300 లీటర్లు పడతయి. గుంత ఎవరి గోడకైనా కనీసం పది అడుగుల దూరం ఉండాలె. నల్లరేగడిలో నీళ్లు తొందరగా ఇంకవు కాబట్టి అక్కడ గుంత ఇంకా పెద్దగా తవ్వాలె.

దసరా సెలవులకు పోయి నేను, తమ్ముడు గుంత తవ్వుతం. కాకి గోడకు మట్టి కూడా మేమే తొక్కుతమని యాడికి చెప్పినాను. యాడి ఇంకా ఒప్పుకోలేదు.

స్నేహితులారా! మీరు కూడా ఇంటికి పోయినప్పుడు మీ చూరు నీళ్లు ఎవరి గోడ దిక్కు పోతున్నాయో ఒక్కసారి చూడండి. వార్డెన్ మేడం గారూ, ఒక ఆదివారం శ్రమదానం పెడితే మన బట్టలు ఉతికే బండల దగ్గర స్లాబు పైపు కింద ఒక గుంత తవ్వుదాం. పార తెచ్చుడు నా వంతు.

ఇది నా అభిప్రాయం మాత్రమే. తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి