కొత్త టీవీ మీద దుప్పటి

సంక్రాంతికి తెనాలి వెళితే హాల్లో కొత్త టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. దుమ్ము పడకుండా అమ్మ తీసుకున్న జాగ్రత్త కాబోలు అనుకున్నా. రాత్రి వార్తల వేళకి చప్పుడు వెనక గదిలోంచి వచ్చింది. వెళ్లి చూద్దును కదా... అమ్మా నాన్నా ఇద్దరూ నవారు మంచం మీద కూర్చుని, అటక మీంచి దింపించిన 21 అంగుళాల డబ్బా టీవీ చూస్తున్నారు! పక్కింటి కుర్రాణ్ని బతిమాలి సెట్‌టాప్ బాక్సు కూడా అక్కడికే మార్పించుకున్నారట.

‘‘అదేంటి నాన్నా, కొత్తది పాడైందా?’’

ఆయన కాసేపు నీళ్లు నమిలారు. ‘‘పాడవలేదురా. అందులో మొహాలు అదోలా ఉంటున్నాయి. ఇందులో మనుషులు మనుషుల్లా ఉన్నారు’’ అన్నారు. ‘‘నువ్వు బాధపడతావని ఫోన్లో చెప్పొద్దన్నారు’’ అని అమ్మ అసలు సంగతి బయటపెట్టింది.

2025 దసరాకి కొన్నాం దాన్ని. 55 అంగుళాలు, 4కె, 38 వేల రూపాయలు. అందులో 20 వేలు నాన్న పింఛన్ డబ్బులే. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయన నోరు తెరిచి అడిగిన కోరిక ఒక్కటే... ‘‘ఇకనైనా క్రికెట్ పెద్ద తెర మీద చూడాల్రా’’ అని. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ సెప్టెంబరు 22 నుంచి 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో, ఇంతకంటే మంచి సమయం ఉండదనుకున్నా. షోరూంలో చూస్తే రామచిలక ఈకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది బొమ్మ. అదే టీవీ మూడు నెలలు తిరక్కుండా దుప్పటి కప్పుకుని పడుకుంది.

పండగ మూడు రోజుల్లో ఒక మధ్యాహ్నం పూర్తిగా దాని ముందే కూర్చున్నా. తేలిందేమిటంటే... టీవీలో లోపమేమీ లేదు. కొన్న నాకూ, బిగించిన కుర్రాడికీ దానికి ఏం తినిపించాలో తెలియలేదు. అంతే!

ముందు వెనక్కి తిప్పి చూశా. సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు మూడు వైర్లు వేసినట్టు అక్కడి అడాప్టర్ చెబుతోంది. డబ్బా టీవీల కాలం నాటి వైర్లవి. ఆ పసుపు వైరులోంచి వచ్చే బొమ్మకి అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలకు మించి ఉండవు. అంటే మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. మరి 4కె తెర మీద ఉన్న చుక్కలు? 3840ని 2160తో గుణించండి... దాదాపు 83 లక్షలు. అంటే వచ్చిన ఒక్కో చుక్కనీ టీవీ ఇరవై చుక్కలుగా సాగదీయాలి. ఒక్క దోసెకి సరిపడే పిండితో ఇరవై దోసెలు పోస్తే ఎలా ఉంటుంది? మొహాలు అదోలా ఉండక ఎలా ఉంటాయి! పాత టీవీలో అదే బొమ్మ చిన్న తెర మీద పడుతుంది కాబట్టి కుదురుగా కనిపిస్తుంది. 55 అంగుళాల తెర వైశాల్యం 21 అంగుళాల దానికి ఆరు రెట్లు మరి. నాన్న కళ్లు తప్పు చెప్పలేదన్నమాట.

అదృష్టం ఏమిటంటే బాక్సు హెచ్‌డీదే. పాతది పిడుగుపాటుకి పోతే నాలుగేళ్ల కిందట మార్చారు. వెనకాల హెచ్‌డీఎంఐ రంధ్రం ఖాళీగా, సాలెగూడు పట్టి ఉంది. డబ్బా టీవీకి ఆ రంధ్రం ఉండదు కాబట్టి అప్పట్లో మూడు వైర్లతో సరిపెట్టారు. కొత్త టీవీ వచ్చినప్పుడూ అవే వైర్లు పీకి ఇందులో గుచ్చేశారు. బజారుకెళ్లి మామూలు హెచ్‌డీఎంఐ తీగ ఒకటి తెచ్చా. బంగారుపూత, బ్రహ్మాండమైన అట్టపెట్టె ఉన్న ఖరీదైన తీగ కూడా చూపించాడు కొట్టతను. ఆరడుగుల దూరానికి, సెట్‌టాప్ బాక్సు పనికి అదేమీ అక్కర్లేదు. అంకెల రూపంలో వెళ్లే సంకేతం చేరితే పూర్తిగా చేరుతుంది, లేదంటే బొమ్మ తెగుతుంది. బంగారుపూత వల్ల రంగులు పెరగవు.

మీ బాక్సు వెనక హెచ్‌డీఎంఐ లేకపోతే మాత్రం అది పాతకాలపు ఎస్‌డీ బాక్సు. టీవీ మీద వేలు పోసే ముందు దాన్ని మార్చమని కేబుల్ అతన్ని అడగాలి.

తీగ మార్చగానే పని అయిపోయిందనుకున్నా. బొమ్మ కాస్త తేరుకుంది గానీ, షోరూం చిలక ఇంకా దూరంగానే ఉంది. బాక్సు సెట్టింగుల్లోకి వెళితే బయటకు పంపే బొమ్మ 576 దగ్గరే ఆగి ఉంది. దాన్ని 1080కి మార్చా. తర్వాత చూస్తే వాళ్ల ప్యాకేజీలో ఉన్నవన్నీ మామూలు ఛానళ్లే! ఒకే ఛానల్‌కి మామూలు రకం, హెచ్‌డీ రకం అని రెండు నంబర్లుంటాయనీ, హెచ్‌డీకి విడిగా డబ్బు కట్టాలనీ నాన్నకి ఎవరూ చెప్పలేదు. అన్నీ హెచ్‌డీలో తీసుకుంటే బిల్లు బరువైపోతుంది. అందుకే లెక్కేసి... నాన్న క్రికెట్ ఛానల్ ఒకటి, అమ్మ సీరియళ్ల ఛానళ్లు రెండు హెచ్‌డీలోకి మార్పించా. వార్తలు మామూలువే ఉంచా. వార్తల్లో చూడాల్సినంత అందం ఏముంది చెప్పండి?

ఇక్కడ ఇంకో మాట. మన ఇళ్లలోకి కేబుల్, డీటీహెచ్ ద్వారా వచ్చే హెచ్‌డీ ఛానల్ చాలావరకు 1080 వరసల బొమ్మే. 4కె చూడాలంటే ఎక్కువగా ఇంటర్నెట్ సినిమాల మీదే ఆధారపడాలి. దానికీ షరతులున్నాయి. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 4కెకి సెకనుకు 15 మెగాబిట్ల వేగం ఉండాలంటారు. పైగా వాళ్ల చందాల్లో ఖరీదైన దాంట్లోనే 4కె వస్తుంది. చౌక చందా కట్టి ‘4కె టీవీ కొన్నా తేడా ఏం లేదే’ అనుకుంటే తప్పు టీవీది కాదు.

సరే... ఛానల్ మారింది, తీగ మారింది. కానీ బొమ్మలో ఎర్రచీర నిప్పుకణికలా మండిపోతోంది. యాంకర్ మొహానికి పసుపు రాసినట్టుంది. తగ్గించి టీ తాగి వచ్చేసరికి మళ్లీ మొదటికొచ్చింది! అప్పుడు వెలిగింది బుర్రలో. టీవీని మొట్టమొదట ఆన్ చేసినప్పుడు ‘ఇల్లా, దుకాణమా?’ అని అడుగుతుంది. బిగించిన కుర్రాడు హడావుడిలో దుకాణం నొక్కేశాడు. ఆ మోడ్‌లో వెలుగు, రంగులు పూర్తిగా పెంచేసి ఉంటాయి. మనం తగ్గించినా కాసేపటికి మళ్లీ వాటంతటవే పెరిగిపోతాయి. ఎందుకంటే షోరూంలో ట్యూబులైట్ల కింద, పక్కపక్కనే పాతిక టీవీలున్నప్పుడు ఎక్కువ మండేదే మన కంటికి ‘బాగుంది’ అనిపిస్తుంది. నేను మోసపోయిన చిలక కథ కూడా ఇదే. పెన్‌డ్రైవ్‌లోంచి వేసిన అసలు సిసలు 4కె వీడియో అది. ఇంట్లో ఆ చిలక రాదు, సాయంత్రం సీరియల్ వస్తుంది.

దాన్ని ఇంటి మోడ్‌లోకి మార్చి, పిక్చర్ మోడ్‌ని ‘వివిడ్’ నుంచి ‘సినిమా’కి తెచ్చా. మొదటి పది నిమిషాలు ‘‘ఏంట్రా, వెలిసిపోయినట్టుంది’’ అన్నారు నాన్న. కళ్లు అలవాటు పడ్డాక ఏమీ అనలేదు. షార్ప్‌నెస్ కూడా బాగా తగ్గించా. దాన్ని పెంచితే స్పష్టత పెరుగుతుందని అందరికీ ఓ నమ్మకం. నిజానికి అంచుల చుట్టూ తెల్లటి గీతలు పెరుగుతాయంతే.

ఇక ఎవరికీ పేరు తెలియని రోగం ఒకటుంది. సినిమా పెడితే సినిమాలా ఉండదు, షూటింగ్ దగ్గర నిలబడి చూస్తున్నట్టు, సీరియల్‌లా జారిపోతూ ఉంటుంది. సినిమాని సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. టీవీ తన తెలివి ఉపయోగించి మధ్యలో లేని బొమ్మల్ని పుట్టించి నింపుతుంది. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్... ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. హాలీవుడ్ హీరో టామ్ క్రూజ్ 2018 డిసెంబరులో దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీని పక్కన పెట్టుకుని ‘దయచేసి దాన్ని ఆపేయండి’ అని ఏకంగా ఓ వీడియోనే విడుదల చేశాడు. ఆ మరుసటి ఏడాదే ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ప్రకటించారు. మీ టీవీలో ఉంటే సినిమాలకి అదే పెట్టుకోండి. క్రికెట్‌కి మాత్రం ఆ జారుడు కొంచెం ఉన్నా ఫర్వాలేదని నా అభిప్రాయం, బంతి కాస్త తేటగా కనిపిస్తుంది.

అమ్మకి ఇంకో ఫిర్యాదు ఉంది. ‘మాయాబజార్’ వేస్తే అందరూ పొట్టిగా, లావుగా ఉన్నారట! 1957 నాటి ఆ సినిమా దాదాపు చదరంగా ఉండే తెర కోసం తీసింది. ఇప్పటి టీవీ తెర 16:9, అంటే బాగా అడ్డంగా ఉంటుంది. పక్కన నల్లపట్టీలు కనిపిస్తే డబ్బు దండగైనట్టు బాధపడి మనం బొమ్మని సాగదీస్తాం. అసలే భారీ ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావుని ఇంకా లాగితే ఏం కావాలి? నల్లపట్టీల్ని ఉండనివ్వండి. ఆస్పెక్ట్ రేషియో అనే చోట ‘ఒరిజినల్’ అనో, ‘ఆటో’ అనో ఉంటుంది, అది చాలు.

ఇంత చేసినా మార్చలేకపోయినవి రెండున్నాయి. కొనేముందే ఆలోచించాల్సినవి అవి. ఒకటి ఎత్తు. కింద షోకేసు ఉందని గోడకి ఆరడుగుల పైన బిగించారు. రెండద్దాల కళ్లజోడు పెట్టుకునే నాన్న తల పైకెత్తితే కింది అద్దంలోంచి, అంటే చదువుకునే అద్దంలోంచి చూసినట్టవుతుంది. కూర్చున్నప్పుడు కళ్లకి ఎదురుగా తెర మధ్యభాగం కాస్త అటూ ఇటూగా ఉండాలి. చివరికి షోకేసునే వెనక గదిలోకి నెట్టి, మేస్త్రీని పిలిచి రెండడుగులు కిందికి దింపించాం. గోడకి పాత కన్నాలు నాలుగు మిగిలాయి. వాటి మీద క్యాలెండర్ వేలాడుతోంది.

రెండోది మాట వినపడటం. టీవీలు పలచబడ్డాక స్పీకర్లు కిందికో, వెనక్కో తిరిగాయి. మాట గోడకి కొట్టుకుని వస్తుంది. నాన్న సౌండ్ పెంచితే మాటల కంటే పాటలే ఎక్కువ పెరుగుతున్నాయి, అమ్మ విసుక్కుంటోంది. సౌండ్ మోడ్‌ని ‘క్లియర్ వాయిస్’కి, బాక్సులో ఆడియోని స్టీరియోకి మారిస్తే సగం నయమైంది. మిగతా సగానికి చిన్న సౌండ్‌బార్ కొనాలి. టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐలో గుచ్చితే ఒక్క రిమోట్‌తోనే రెండూ నడుస్తాయి. టీవీ బడ్జెట్‌లోనే దానికి ఓ నాలుగైదు వేలు పక్కన పెట్టుకుని ఉంటే ఇప్పుడు నేను మళ్లీ చేతులు తడుముకోనక్కర్లేకపోయేది.

కాబట్టి మీరు బయల్దేరే ముందు టేపు తీసుకుని సోఫా నుంచి గోడకి ఎంత దూరమో కొలవండి. 55 అంగుళాలంటే మూల నుంచి మూలకి. గోడ మీద అది నాలుగడుగుల వెడల్పు, రెండుంపావు అడుగుల ఎత్తు. ఆ కొలతకి పాత పేపర్లు అతికించి ఓ రోజు ఉంచి చూడండి. ఏడెనిమిది అడుగుల దూరానికి 55, ఆరడుగులకి 43 సరిపోతాయి. పది అడుగుల అవతల కూర్చుని 43 అంగుళాల టీవీలో 4కెకీ, ఫుల్ హెచ్‌డీకీ తేడా చెప్పడం మామూలు కంటికి సాధ్యం కాదు. ‘హెచ్‌డీ రెడీ’ అంటే మాత్రం ఫుల్ హెచ్‌డీ కాదు, అంతకంటే ఒక మెట్టు తక్కువ.

షోరూంలో చిలకని ఆపి, మామూలు న్యూస్ ఛానల్ పెట్టమనండి. ‘సినిమా’ మోడ్‌లోకి మార్చమనండి. నేరుగానే కాదు, పక్కనుంచి కూడా చూడండి. మన ఇళ్లలో ఒకరు సోఫాలో, ఒకరు కింద చాప మీద, ఒకరు వంటింటి గుమ్మంలో కదా! క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ ఒకటేనని ఎవరైనా అంటే నమ్మకండి. మొదటిది వెనక దీపం ఉన్న మామూలు ఎల్‌సీడీకి మెరుగైన రంగులు అద్దింది. రెండో దాంట్లో ఏ చుక్కకాచుక్క తానే వెలిగి తానే ఆరుతుంది, అందుకే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, ధరా ఎక్కువే. చౌక టీవీల అట్టపెట్టె మీద ‘హెచ్‌డీఆర్’ అని ఉన్నా నేనైతే దానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువివ్వను. ఆ సంకేతాన్ని చదవగలదు గానీ, దానికి తగ్గట్టు వెలిగే సత్తా వాటికుండదు.

కనుమ నాడు సాయంత్రం దుప్పటి మడిచి బీరువాలో పెట్టింది అమ్మ. రాత్రి క్రికెట్ హైలైట్స్ వస్తుంటే నాన్న కాసేపు లేచి దగ్గరికెళ్లి చూశారు. ‘‘బంతి కుట్లు కనపడుతున్నాయిరా’’ అన్నారు. డబ్బా టీవీని పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు. ‘‘ఉండనీ, ఏం తింటోందని?’’ అంటూ మళ్లీ అటకెక్కించారు.

నేను హైదరాబాద్ వచ్చిన మూడో రోజు పొద్దున్నే అమ్మ ఫోన్. తెర అంతా నీలంగా వచ్చి ‘సిగ్నల్ లేదు’ అంటోందట. రిమోట్‌లో ఇన్‌పుట్ అని ఉన్న బటన్ నొక్కి, హెచ్‌డీఎంఐ ఒకటో నంబరుకి మార్చమన్నా.

‘‘అది ఎక్కడుందిరా?’’

‘‘పైన, కుడివైపు...’’

‘‘ఉండు, కళ్లజోడు తెచ్చుకుంటా.’’