మద్దెల ఓటిదే అయినప్పుడు

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని తెలుగువారి సామెత. నాచ్ న జానే, ఆంగన్ టేఢా అని మన ఉర్దూ ఇండ్లలో వినవచ్చే సామెత. ఒకటి నేరాన్ని మద్దెలపై మోపినది, మరొకటి ముంగిటి వంకరపై మోపినది. భాష వేరైనా మనిషి గుణం ఒక్కటే. ఓడిన జట్టు శిక్షకుడు పత్రికలవారి ఎదుట నిలిచి, మైదానం బాగులేదనో, రెఫరీ అన్యాయం చేశాడనో, ఆటగాళ్లు చెప్పిన మాట వినలేదనో పలికిన మరుక్షణమే అభిమానుల నోట వెలువడేది ఈ సామెతే. చాలమారులు అది న్యాయమైన మాటే. అయితే ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓటిది కావచ్చును. అప్పుడు ఆడేవానిని నిందించి ఏమి ప్రయోజనం? ఆ మద్దెలను బాగుచేయించవలసిన బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నను మన విద్యార్థుల ముందు, కళాశాల పాలక మండలి వారి ముందు ఉంచదలచినాము.

సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాల యువకులకు క్రికెట్ మీద ఉన్నంత మమకారం ఫుట్‌బాల్ మీద లేదన్నది నిజమే. అయినను చేతిలోని ఫోనులో ఐరోపా ఆటలను, మన దేశపు లీగులను చూచి మరునాడు తరగతి విరామంలో వాదించుకొనే బృందం మన కళాశాలలోను ఉన్నది. ఆ వాదాలను మేము ఆసక్తితో వింటూ ఉంటాము. అవి ఎల్లప్పుడు రెండు పక్షాలుగా చీలుతవి. శిక్షకుని వెంటనే తొలగించవలెనని ఒక పక్షం, అతనికి ఇంకను వ్యవధి ఇయ్యవలెనని మరొక పక్షం. ఉభయ పక్షాలవారును అతని ముఖాన్నే చూస్తారు గాని అతని చేతికి ఏమి ఇచ్చినారో చూచేవారు అరుదు.

మొదట మనకు దాపున ఉన్న ఉదాహరణను పరిశీలిద్దాము. హైదరాబాదు కేంద్రంగా గల శ్రీనిధి దక్కన్ జట్టు 2021-22లో ఐ-లీగులో ప్రవేశించినది. అప్పట్లో ఇండియన్ సూపర్ లీగు మన దేశపు ఫుట్‌బాల్‌లో పై అంతస్తు కాగా ఐ-లీగు దాని కింది అంతస్తుగా ఉండినది. 2022-23లో కింది అంతస్తున ప్రథమ స్థానం పొందిన జట్టుకు పైకి ఎక్కే అవకాశం కలిగినది. ఆ సంవత్సరం పోర్చుగల్ దేశీయుడైన కార్లోస్ వాజ్ పింటో శిక్షణలో శ్రీనిధి జట్టు ద్వితీయ స్థానం సంపాదించినది. పై మెట్టు పంజాబు జట్టుకు దక్కినది. 2023-24లో మరల ద్వితీయ స్థానమే. ఈ పర్యాయం పైకి వెళ్లినది కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు.

వరుసగా రెండేండ్లు రెండవ స్థానం. దీనిని జయమనవలెనా, అపజయమనవలెనా? గడప దాకా రెండుసార్లు వెళ్లి లోపల అడుగుపెట్టలేనివాడు ఏమి శిక్షకుడని ఒకరు అడుగవచ్చును. నిన్న మొన్న వచ్చిన జట్టును దేశంలోని పాత జట్లతో సమానంగా నిలబెట్టినవాడు సామాన్యుడా అని మరొకరు అడుగవచ్చును. ఇద్దరి మాటలోను సత్యమున్నది. ఇద్దరి చేతిలోను కొలబద్ద మాత్రం ఒక్కటి కాదు. కొలబద్దను ఆట ముగిసిన తరువాత ఎవరికి నచ్చినట్లు వారు కోసుకొంటే తీర్పు ఎన్నటికిని తేలదు. సంవత్సరారంభముననే, ఈ జట్టు నుండి మేము కోరుతున్నది ఇది, అందుకై ఇస్తున్నది ఇది అని యాజమాన్యం చెప్పి ఉంటే, సంవత్సరాంతమున శిక్షకుని ప్రశ్నించడానికి అందరికిని హక్కు కలుగుతుంది.

మద్దెల నిజంగానే ఓటిదైతే ఏమగునో తెలుసుకొనుటకు అదే నగరంలోని మరొక జట్టు చరిత్ర చాలును. హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్ 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలపై ఓడించి ఇండియన్ సూపర్ లీగు కప్పును గెలిచినది. ఆ తరువాత 2023-24లో, 22 ఆటలాడి ఒకే ఒక్క విజయంతో, 8 పాయింట్లతో అన్నిటికంటె అడుగున నిలిచినది. అంతలో శిక్షకులకు బుద్ధి మందగించినదా? కాదు. జీతాలు సకాలంలో అందనందున విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయినారు. కొత్తవారిని నమోదు చేసుకొనరాదని నిషేధం వచ్చినది. తంగ్‌బోయి సింగ్తో అను మణిపురీ శిక్షకునికి మిగిలినవారు చాలవరకు అనుభవం లేని కుర్రవాళ్లు. వారిని వెంటబెట్టుకొని మైదానంలోకి దిగవలసి వచ్చినది. అట్టి వేళ, ఎందుకు గెలువలేదని అతనిని అడుగుటకు ముందు, జీతాలెందుకు చెల్లించలేదని యజమానులను అడుగవలె గదా. అభిమానులలో వివేకవంతులు ఆ ప్రశ్న అడిగినారు కూడ. తరువాత శిక్షకుడు మారినాడు గాని జట్టు గతి మారలేదు. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకే తరలిపోయినది. హైదరాబాదు అభిమానికి నిందించుటకు గాని, మెచ్చుకొనుటకు గాని శిక్షకుడన్నవాడే లేకుండాపోయినాడు.

2022లో ఆ కప్పు గెలిపించిన స్పెయిన్ దేశీయుడు మనోలో మార్కెజ్ కథ ఇంకను ఆలోచింపదగినది. ఆయనను హైదరాబాదు అభిమానులు నెత్తిన పెట్టుకొన్నారు. 2024లో ఆయన భారత జట్టుకు శిక్షకుడైనాడు. అదే సమయంలో గోవా జట్టు బాధ్యతను కూడ వహించినాడు. 2025 మే నెలలో గోవా జట్టు ఆయన చేతిలో సూపర్ కప్పు గెలిచినది. ఆయన కింద భారత జట్టు ఆడిన 8 ఆటలలో మాత్రం గెలుపు ఒక్కటే. 2025 జూలైలో ఆ పదవి ముగిసినది. మనిషి ఒక్కడే, సంవత్సరమును ఒక్కటే, తీర్పులు మాత్రం రెండు. ఒక జట్టుతో ప్రతిదినం గడిపినాడు. రెండవ జట్టు ఆయనకు నెలల తరబడి ఎడముతో, కొద్ది దినాల చొప్పున మాత్రమే దొరికినది. రెండు పడవలపై కాళ్లు పెట్టనిచ్చినవారెవరన్న ప్రశ్న కూడ ఇక్కడ అడుగవలసినదే. దీనివలన ఆయన తప్పులన్నియు మాసిపోవు. కాని శిక్షకుని పనితనాన్ని కొలుచునప్పుడు అతనికి ఎన్ని దినాలిచ్చినారో లెక్కలో చేర్చకపోతే ఆ కొలత తప్పుడు కొలత అగును.

ఈ సత్యాన్ని మనకంటె ముందే మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ జీవితం చాటినది. 1909లో జన్మించిన రహీం సాహెబ్ వృత్తిరీత్యా హైదరాబాదు బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయాలు రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచి, మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయినది. ఆనాడు మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండానే ఆ చలిదేశపు మైదానంలో దిగినారు. ఆ దినాననే రహీం సాహెబ్‌ను అసమర్థుడని ఇంటికి పంపి ఉంటే అడ్డుచెప్పేవారు ఉండేవారు కారేమో. అట్లు జరుగలేదు. మన ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయినవి. అదే శిక్షకునితో 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతదేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానం పొందినది. మద్దెలను బాగుచేసినారు, ఆటగాడు ఆడి చూపినాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలలో మొదటి ఆటననే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించినది. నేటి దినాలలో అయితే ఆ రాత్రికే శిక్షకుని రాజీనామాకై కేకలు పుట్టేవి. రహీం సాహెబ్ జట్టును సవరించుకొన్నారు. తలకు గాయమై కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగును ముందుకు పంపి గోలు కొట్టేవానిగా మార్చినారు. సెప్టెంబరు 4న జరిగిన అంతిమ పోటీలో అదే దక్షిణ కొరియాపై పి.కె.బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగు మరొకటి గోలు చేసి 2-1తో స్వర్ణం తెచ్చినారు. తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో, రహీం సాహెబ్ కన్ను మూసినారు. ఆ తరువాత నేటి వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన దేశానికి తిరిగి రాలేదు.

ఇక పత్రికల ముందు పలికే మాటలను గూర్చి. జకార్తాలోనే దీనికి తగిన పాఠమున్నది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలవారిని ఆ క్రీడలకు రానీయనందున, వాటికి ఆసియా క్రీడలన్న పేరు తగదని భారతీయ క్రీడా ప్రముఖుడు జి.డి.సోంధి బహిరంగంగా వాదించినాడు. వాదంలో న్యాయం లేదని మేము అనము. కాని దాని ఫలితంగా భారత రాయబార కార్యాలయంపై గుంపులు దాడి చేసినవి. అంతిమ పోటీలో మన కుర్రవాళ్లు కాలు కదిపినప్పుడెల్ల వేలాది ప్రేక్షకులు వెక్కిరింపు కేకలు వేసినారు. మాట పలికినవారు ఒకరు, మైదానంలో దాని వెల చెల్లించినవారు వేరొకరు. శిక్షకుడు పత్రికలవారితో మాట్లాడునప్పుడు జ్ఞాపకముంచుకొనవలసినది ఇదే. అతని నోటి మాట మరునాడు అతనిమీద కాదు, పంతొమ్మిదేండ్ల ఆటగాని మీద పడుతుంది. తన నిర్ణయం తప్పయితే బయట చెప్పవచ్చును. యాజమాన్యం ఇచ్చిన మాట నిలుపుకొనకపోతే అదియును మర్యాదగా బయట చెప్పవచ్చును, చెప్పవలె కూడ. దాచిపెడితే అభిమానిని మోసగించినట్లే. ఆటగాని లోపాన్ని మాత్రం గది తలుపు మూసిన తరువాతనే చెప్పవలె.

ఇంతవరకు చెప్పినది అసమర్థునికి గొడుగు పట్టుట కాదు. ఇంగ్లండులో అలెక్స్ ఫెర్గూసన్ 1986లో మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరినాడు. మూడేండ్లు గడచినను కప్పు లేదని అభిమానులు మైదానంలోనే అతనికి వీడ్కోలు పలుకుతూ గుడ్డమీద రాసి పట్టినారు. 1990లో మొదటి కప్పు వచ్చినది. 2013లో పదవి విడుచునాటికి లీగు విజయాలే 13. ఈ కథను ప్రతి ఓడిన శిక్షకుడు తనకు అన్వయించుకొనుట పరిపాటి అయినది. వ్యవధి ఇచ్చిన ప్రతివాడును ఫెర్గూసన్ కాలేడు. అడిగినవన్నియు అమర్చిన తరువాత కూడ ఆటగాళ్లు సంవత్సరారంభమున ఉన్నచోటనే ఉంటే, అదే తప్పు నెలనెలా పునరావృతమైతే, అప్పుడు మద్దెల మాట ఎత్తరాదు. సామెత ఉన్నది అట్టివానికొరకే. ప్రశ్నించుట అభిమాని హక్కు మాత్రమే కాదు, ధర్మం కూడ. మేము కోరునదల్లా ప్రశ్న సరియైన వాకిట అడుగవలెనని.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఏ కళాశాల జట్టు అయినా అంతర కళాశాలల పోటీలలో ఓడి వచ్చిన మరునాడు విద్యార్థులు వ్యాయామ అధ్యాపకుని వైపు వేలు చూపుట సహజం. ఆ వేలు చూపుటకు ముందు కొన్ని లెక్కలు వేయవలె. సి.బెళగల్ పల్లెల నుండి వచ్చే విద్యార్థి సాయంకాలం బస్సు తప్పితే ఇల్లు చేరుట కష్టం; తరగతులు ముగిసిన తరువాత అభ్యాసం పెడితే అతడు ఎట్లు నిలుచును? పత్తి తీత దినాలలో, ఇంటిల్లిపాది సుగ్గికి పోయే దినాలలో, పదకొండుగురిలో ఎందరు మైదానానికి రాగలరు? బూట్లు ఎన్ని జతలున్నవి? ఆట తరువాత పిల్లవానికి తిండి ఏమున్నది? ఆడపిల్లలు ఆడుకొనుటకు వేళ, చోటు ఉన్నవా? వీటికి బదులు చెప్పవలసినది వ్యాయామ అధ్యాపకుడు కాదు, మనమందరము. ముఖ్యంగా పాలక మండలి. పొరుగునున్న అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థవారు క్రీడాగ్రామం నెలకొల్పి పల్లెపిల్లలకు, బాలికలకు కూడ, ఫుట్‌బాల్ నేర్పినారు. రాయలసీమ నేలలో లోపం లేదనుటకు అది చాలును.

అందుచేత పాలక మండలి వారికి మా విన్నపం మూడు మాటలలో చెప్పుతున్నాము. మొదటిది, సంవత్సరారంభమున జట్టుకు ఇచ్చే డబ్బు, సామగ్రి, అభ్యాసపు గంటలు ఎంతయో నోటీసు బోర్డుపై ప్రకటించవలె. అభ్యాసం ఉదయం బస్సు వచ్చిన తరువాతనే, కాలపట్టికలో భాగంగా ఉండవలె. రెండవది, వ్యాయామ అధ్యాపకుని పనిని ఒక ఓటమితో గాక రెండేండ్ల అనంతరం, ఇచ్చినదానికి వచ్చినదానికి లెక్కచూచి నిర్ణయించవలె. మూడవది, ఏడాదికి రెండు పర్యాయాలు విద్యార్థులు, వ్యాయామ అధ్యాపకుడు, మండలి సభ్యులు ఒకేచోట కూర్చుండి ప్రశ్నోత్తరాలు జరుపవలె. అక్కడ విద్యార్థి నిర్భయంగా అడుగవలె. అధ్యాపకుడు దాపరికం లేక బదులు చెప్పవలె. మండలి వారు తమ వంతు ప్రశ్నలకు తామే బదులు చెప్పవలె.

విద్యార్థులకు ఒక్కమాట. మీరు నేడు ఒక జట్టు శిక్షకునిపై ఇచ్చే తీర్పు చిన్నదే. రేపు మీరే ఒక ఉపాధ్యాయునిపై, ఒక సర్పంచిపై, ఒక ఆసుపత్రి వైద్యునిపై తీర్పు చెప్పవలసినవారు. అతడు ఏమి చేయలేదని అడుగుటతో పాటు, అతనికి ఏమి ఇచ్చినారని కూడ అడుగుట ఇప్పటినుండే అలవరచుకొనండి. ఈ సంవత్సరపు జట్టు ఎంపిక త్వరలోనే జరుగనున్నది. నోటీసు బోర్డుపై మొదటి కాగితం ఆటగాళ్ల పేర్లది కాక, వారికి ఇస్తున్నవాటి పట్టిక కావలెనని మా కోరిక.