ఐదు ఆంపియర్ల లెక్క

కోల్‌కతాకు నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున బడ్జ్ బడ్జ్ అనే పట్టణం ఉంది. దాని పొరుగున పుజాలీలో 1997లో మొదలైన బొగ్గు విద్యుత్కేంద్రం, 2010 నాటికి మూడు యూనిట్లతో 750 మెగావాట్ల స్థాయికి ఎదిగింది. అంటే 75 కోట్ల వాట్లు. అక్కడ పుట్టిన విద్యుత్తు తీగల వెంట మహానగరానికి చేరి, ఏదో ఒక ఇంట ఇస్త్రీపెట్టెను వేడెక్కిస్తుంది. అంత పెద్ద కేంద్రానికీ, ఇంత చిన్న ఇస్త్రీపెట్టెకూ ఆధారమైన లెక్క ఒక్కటే. గుణకారం, భాగహారం వచ్చిన పిల్లవాడు దానిని చేయగలడు.

ఇస్త్రీపెట్టెకు అందే వోల్టేజి 220 అనీ, దానిగుండా పోయే ప్రవాహం 5 ఆంపియర్లనీ అనుకుందాం. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది నిరోధం: 44 ఓమ్‌లు. వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే వచ్చేది సామర్థ్యం: 1,100 వాట్లు. ఆ పెట్టె గంటసేపు ఆగకుండా కాగితే మీటరు 1.1 యూనిట్లు చూపుతుంది. మొదటి సూత్రాన్ని 1827లో గ్రంథస్థం చేసినవాడు గెయార్గ్ సైమన్ ఓమ్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు. స్వదేశంలో దానికి తొలుత తగిన ఆదరణ లభించలేదు. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ కోప్లీ పతకంతో ఆయనను గౌరవించింది.

ఇక వోల్టేజి 176కు పడిపోయిందనుకుందాం. ఇస్త్రీపెట్టెలోని తీగ అదే గనుక నిరోధం దాదాపు 44 ఓమ్‌లుగానే ఉంటుంది. ప్రవాహం 4 ఆంపియర్లకు, సామర్థ్యం 704 వాట్లకు దిగుతాయి. వోల్టేజి తగ్గినది ఐదో వంతే. వేడి మాత్రం మూడో వంతుకు మించి తగ్గింది. వోల్టేజితోపాటు ప్రవాహమూ తగ్గడమే ఇందుకు కారణం. అయితే ఈ లెక్కను అన్నిటికీ ఇలాగే అన్వయించరాదు. వెలుగుతున్న 100 వాట్ల పాతకాలపు బల్బు నిరోధం 484 ఓమ్‌లు కాగా, చల్లారి ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. ఫ్యాన్ల వంటి మోటార్ల లెక్క వేరు.

ఇప్పుడు ఒక ఇస్త్రీపెట్టెకు బదులు వెయ్యి ఇస్త్రీపెట్టెలను ఊహించండి. వాటికి కావలసింది 11 లక్షల వాట్లు. మూడు ఫేజుల వివరాలను పక్కన పెట్టి చూస్తే, 220 వోల్టుల వద్ద అంత సామర్థ్యానికి 5,000 ఆంపియర్లు పారాలి. కేంద్రం నుంచి నగరం దాకా తీగల నిరోధం మొత్తం ఒక్క ఓమ్ మాత్రమే అనుకున్నా, ఆ ప్రవాహాన్ని నెట్టడానికే 5,000 వోల్టులు ఖర్చవుతాయి. చేతిలో ఉన్నవి 220. కాబట్టి ఆ పని అసాధ్యం.

మన దేశంలో విద్యుత్ ప్రసారానికి వాడే వోల్టేజీలలో 2,20,000 ఒకటి. అదే 11 లక్షల వాట్లను ఆ వోల్టేజి వద్ద పంపితే ప్రవాహం 5 ఆంపియర్లే, అంటే ఒక్క ఇస్త్రీపెట్టె తీసుకునేంత. దారిలో పోయేవి 5 వోల్టులు. వేడిగా వృథా అయ్యేవి 25 వాట్లు. ఈ వేడి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1841లో ప్రకటించినవాడు ఇంగ్లండుకు చెందిన జేమ్స్ జౌల్. ప్రవాహాన్ని వెయ్యి రెట్లు తగ్గిస్తే నష్టం పది లక్షల రెట్లు తగ్గుతుంది.

కలకత్తాకు 1899 ఏప్రిల్ 17న విద్యుత్తును అందించిన తొలి కేంద్రం నగరం నడుమనే, ఇమామ్‌బాగ్ లేన్‌లో ఉండేది. ఆనాటి సరఫరా ఏకముఖ విద్యుత్తు, అంటే డీసీ. ట్రాన్స్‌ఫార్మరు దాని వోల్టేజిని పెంచలేదు, తగ్గించలేదు. ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ, ట్రాన్స్‌ఫార్మరు జతకూడిన తరువాతనే కేంద్రాన్ని ఇళ్ళకు దూరంగా, నీటికి దగ్గరగా కట్టుకొనే వీలు పెరిగింది.

ఊరి తీగల మీద ఇంత జాగ్రత్తగా అదుపు చేసిన వేడి, ఇంటి గోడలో మాత్రం తరచు ఎవరి కంటా పడదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు సాకెట్టులో వదులైందనుకుందాం. ఆ వదులు చోట 2 ఓమ్‌ల నిరోధం ఏర్పడితే మొత్తం 46 ఓమ్‌లవుతుంది. ప్రవాహం సుమారు 4.8 ఆంపియర్లకు తగ్గుతుంది. కానీ చింతగింజంత జాగాలో దాదాపు 46 వాట్ల వేడి పుడుతుంది. రేడియో బాగుచేసేవారు టంకం కరిగించడానికి వాడే సాధనానికి 25 వాట్లు చాలు!

ఇందులో మోసం ఏమిటంటే, ఫ్యూజు దీనిని గుర్తించదు. ఫ్యూజు కరిగేది ప్రవాహం మితిమీరినప్పుడు. ఇక్కడ ప్రవాహం పెరగలేదు సరికదా, తగ్గింది. అందువల్ల ప్లగ్గు చేతికి వేడిగా తగిలినా, సాకెట్టు చుట్టూ నల్లబడినా, కాలిన వాసన వచ్చినా, ఫ్యూజు బాగానే ఉందని ఊరుకోరాదు. మెయిన్ స్విచ్ ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఆ సాకెట్టును మార్పించి, తీగల మరలను బిగింపించాలి. దానికయ్యే ఖర్చు కొద్దిపాటిదే; ఆ రెండు ఓమ్‌లను అలాగే వదిలేస్తే మాత్రం ఇల్లే అంటుకోవచ్చు.